ఫ్లోరిడా జట్ల గెలుపులో పన్ను వాటా ఎంత?

పాలకొల్లు నుంచి వెళ్లి టొరంటోలో స్థిరపడిన ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఆయన ఐస్ హాకీలో మేపుల్ లీఫ్స్ అభిమాని. వాళ్ల బావ డల్లాస్‌లో ఉంటూ అక్కడి స్టార్స్ జట్టును అభిమానిస్తాడు. రాష్ట్ర ఆదాయపు పన్ను లేని చోట ఉన్న జట్లు అన్యాయంగా లాభపడుతున్నాయని ఈయన, అదేం లేదని బావ. దాంతోపాటు ఇంకో రెండు విషయాలు అడిగారు. మన ఐపీఎల్, ప్రో కబడ్డీల్లో కూడా ఇలాంటి తేడా ఉంటుందా? ఊళ్లో కబడ్డీ ఆడుతున్న ఆయన తమ్ముడు ఏ రాష్ట్రం జట్టుకు ఆడితే పన్ను కలిసొస్తుంది?

నేను రాజమండ్రిలో ఆదాయపు పన్ను ప్రాక్టీసు చేస్తాను. కోనసీమ, భీమవరం వైపు నుంచి అమెరికా, కెనడా వెళ్లిన కుటుంబాల లెక్కలు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. లీగుల్లో ఆడే కుర్రాళ్లు కొందరు కూడా వస్తుంటారు. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే: పన్ను తేడా నిజం, దాని వల్ల కలిగే లాభమూ నిజం. కానీ ఆ లాభం ఎంతన్నది పన్ను రేటు ఒక్కటే తేల్చదు. జీతాల మీద లీగ్ పెట్టిన పరిమితి ఎంత గట్టిగా ఉందన్నదే అసలు విషయం. పరిమితి గట్టిగా ఉండి, దాన్ని పన్నుకు ముందు మొత్తంతో లెక్కిస్తే, పన్ను లేని ఊరి జట్టుకు ఆ తేడా మిగులుగా మారుతుంది. పరిమితి లేకపోతే డబ్బున్న జట్టు ఇంకాస్త ఎక్కువిచ్చి తేడాను పూడ్చేస్తుంది. మన దేశంలో మాత్రం జీతం మీద ఆదాయపు పన్ను రాష్ట్రాన్ని బట్టి మారదు. కాబట్టి హైదరాబాద్ జట్టుకో చెన్నై జట్టుకో ఆ దారిలో లాభం గానీ నష్టం గానీ లేదు.

ఇక వివరాల్లోకి వెళ్దాం. ముందు హాకీ.

అమెరికాలో కేంద్రానికి కట్టే ఆదాయపు పన్ను అందరికీ ఒకటే, పై స్లాబ్ 37 శాతం. దాని మీద చాలా రాష్ట్రాలు తమ పన్ను వేసుకుంటాయి. కాలిఫోర్నియాలో పై రేటు 13.3 శాతం. ఫ్లోరిడా, టెక్సాస్, నెవాడా, టెన్నెస్సీల్లో జీతం మీద రాష్ట్ర పన్ను అసలు లేదు. కెనడాలో కేంద్రం, ప్రావిన్సు కలిపి చూస్తే టొరంటో ఉన్న ఒంటారియోలో పై రేటు 53.53 శాతం, ఆల్బర్టాలో 48 శాతం.

కోటి డాలర్ల జీతం ఉన్న ఆటగాణ్ని తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండడానికి మొత్తానికీ పై స్లాబ్ రేటే వేస్తున్నాను, అమెరికాలో వృద్ధుల వైద్యం కోసం కోసే మెడికేర్ పన్ను కలిపి. ఫ్లోరిడాలో చేతికి దాదాపు 61 లక్షలు వస్తాయి. ఆల్బర్టాలోని ఎడ్మంటన్‌లో 52 లక్షలు. కాలిఫోర్నియాలో 47, 48 లక్షల మధ్య. టొరంటోలో 46 లక్షల పైచిలుకు. ఏజెంటు కమీషన్, లీగ్ పట్టి ఉంచే సొమ్ము వీటిలో లేవు, అవి ఎక్కడున్నా పోయేవే. ఒకే జీతం, ఒకే ఆట, చేతికొచ్చేదాంట్లో 14 లక్షల డాలర్ల తేడా. మీ కోపం ఊరికే వచ్చింది కాదు.

ఇప్పుడు దీన్ని జట్టు వైపు నుంచి చూడండి. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జీతాల పరిమితి గట్టిది. 2025-26 సీజన్‌కు ఒక్కో జట్టుకు 9.55 కోట్ల డాలర్లు, అది దాటడానికి వీల్లేదు. ఫ్లోరిడా జట్టు ఒక ఆటగాడికి 80 లక్షలు ఇస్తే అతని చేతికి 48.5 లక్షలు వస్తాయి. అదే చేతికి రావాలంటే టొరంటో ఇవ్వాల్సింది కోటీ 4 లక్షల పైచిలుకు. యజమాని దగ్గర డబ్బు లేక కాదు, టొరంటో ఆ లీగ్‌లో బాగా సంపాదించే జట్లలో ఒకటి. డబ్బుంది, ఖర్చు పెట్టే చోటు లేదు. పరిమితిలో 24 లక్షలు ఒక్క ఆటగాడికే ఎక్కువగా పోయాయి. ఇలాంటి వాళ్లు నలుగురైదుగురు ఉంటే, అవతలి జట్టు ఆ మిగులుతో ఒక మంచి డిఫెన్స్ ఆటగాణ్ని తెచ్చుకుంటుంది. పన్ను తేడా ఆటలోకి దిగేది ఇక్కడే.

ఫలితాలు కూడా అనుమానం కలిగించేలాగే ఉన్నాయి. 2020, 2021లో ఎన్‌హెచ్‌ఎల్ టైటిలైన స్టాన్లీ కప్‌ను ఫ్లోరిడాలోని టాంపా బే గెలిచింది. 2022లో కొలరాడో, 2023లో నెవాడాలోని వేగస్, 2024, 2025లో ఫ్లోరిడా పాంథర్స్. ఆరింటిలో ఐదు పన్ను లేని రాష్ట్రాలకే వెళ్లాయి. కెనడా జట్టు చివరిసారి గెలిచింది 1993లో, మాంట్రియల్. 2025లో కప్ గెలిచాక పాంథర్స్ తమ ముఖ్యమైన ముగ్గురినీ, బెన్నెట్, ఎక్‌బ్లాడ్, మార్షాండ్‌లను, మళ్లీ సంతకం చేయించుకుంది. బయట వేరే జట్లు ఇవ్వగలిగినంత అడగకుండానే వాళ్లు ఉండిపోయారని అందరూ అనుకున్నారు. టాంపా ఆటగాడు స్టామ్‌కోస్ టొరంటో పక్క ఊరివాడు. సొంతూరికి వస్తాడని 2016లో అక్కడి అభిమానులు ఎంతో ఆశపడ్డారు. అతను టాంపాలోనే 8 ఏళ్లకు, ఏడాదికి 85 లక్షల డాలర్లకు సంతకం చేశాడు. 2024లో టాంపా వదిలినప్పుడు వెళ్లింది నాష్‌విల్‌కు, అంటే మళ్లీ రాష్ట్ర పన్ను లేని టెన్నెస్సీకే.

అయితే మీ బావ గారి వైపు కూడా బలమైన సాక్ష్యం ఉంది. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను నిన్న మొన్న తీసేసింది కాదు. అదే పాంథర్స్ జట్టు 2001 నుంచి 2011 దాకా ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కు చేరలేదు. అప్పుడూ పన్ను సున్నానే. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కూడా జీతాల పరిమితి గట్టిదే. అక్కడ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ జాగ్వార్స్, టెక్సాస్‌లోని హ్యూస్టన్ టెక్సన్స్ ఇప్పటిదాకా ఆ లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ ఒక్కటి కూడా ఆడలేదు. పన్ను వేసే మసాచుసెట్స్‌లోని పేట్రియట్స్ మాత్రం ఆరుసార్లు గెలిచింది. పన్ను మిగిల్చిన డబ్బును ఎవరి మీద పెట్టాలో తెలిసిన మేనేజర్, కోచ్ లేకపోతే ఆ డబ్బు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

బాస్కెట్‌బాల్‌లో లెక్క ఇంకోలా ఉంటుంది. ఎన్‌బీఏలో పరిమితి మెత్తనిది, దాటినవాళ్లు జరిమానా లాంటి పన్ను లీగ్‌కు కడతారు. దేశంలోనే పై రేటు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియాలోని గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2015, 2017, 2018, 2022లో గెలిచింది, లేకర్స్ 2020లో. మీ టొరంటో రాప్టర్స్ 2019లో గెలిచింది. బేస్‌బాల్‌లో పరిమితి అసలు లేదు, పెద్ద ఖర్చు మీద లీగ్ వేసే పన్ను ఒక్కటే ఉంది. అక్కడ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2024, 2025 వరుసగా గెలిచింది. నాలుగు లీగులూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒకటే. పన్ను తేడా అన్నిచోట్లా ఒకేలా ఉన్నా, ఫలితం మాత్రం పరిమితి బిగింపును బట్టి మారుతోంది.

ఈ మధ్యే గొడవ ఎందుకు ముదిరింది? దీనికి కారణం చాలామంది అభిమానులకు తెలియదు. అమెరికాలో 2017 దాకా రాష్ట్రానికి కట్టిన పన్నును కేంద్ర పన్ను లెక్కలో ఖర్చుగా తీసేసుకునే వీలుండేది. అంటే కాలిఫోర్నియాకు కట్టిన 13 శాతంలో దాదాపు అయిదు శాతం కేంద్రమే భరించినట్టు అయ్యేది. 2018 నుంచి ఆ మినహాయింపుకు 10,000 డాలర్ల హద్దు పెట్టారు. 2025లో హద్దు పెంచినా, పెద్ద ఆదాయాలకు అది మళ్లీ 10,000కే దిగిపోతుంది. కోట్లలో సంపాదించే ఆటగాడికి అది లేనట్టే. కాబట్టి ఎప్పటి నుంచో ఉన్న తేడా 2018 తర్వాత పూర్తి బరువుతో మీద పడింది. మా క్లయింట్లలో కాలిఫోర్నియా బే ఏరియాలో ఉన్న సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా ఆ ఏడాది రిటర్న్ వేసేటప్పుడే గట్టిగా ఉలిక్కిపడ్డారు.

ఇక్కడ నా ప్రాక్టీసులో చూసిన ఒక సంగతి చెప్పాలి. భీమవరం దగ్గరి ఊరి దంపతులు కాలిఫోర్నియాలోని శాన్ హోసే నుంచి డల్లాస్ పక్కన ఫ్రిస్కోకు మారారు. మారే ముందు నాతో లెక్క వేయించుకున్నారు. రాష్ట్ర పన్ను మిగిలే మాట నిజమే. కానీ టెక్సాస్‌లో ఇంటి మీద ఆస్తి పన్ను ఎక్కువ, మిగిలినదాంట్లో మంచి భాగం అటు పోతుందని లెక్కలో తేలింది. అయినా వెళ్లారు. అసలు కారణం ఇంటి ధర, పిల్లల స్కూలు, పక్క వీధిలోనే ఉన్న మేనమామ కుటుంబం. ఊరు మారినవాళ్లను ఎవరినడిగినా ఇలాంటి కారణాల తర్వాతే పన్ను వస్తుంది. ఆటగాళ్ల విషయంలో పన్ను మొత్తం పెద్దది కాబట్టి దాని వరస కాస్త పైకి వస్తుంది. కానీ వాళ్లకూ భార్యాపిల్లలు ఉంటారు, కోచ్‌తో పడాలి, గెలిచే జట్టు కావాలి, చలి లేని ఊరు కావాలి. టాంపాలో ఎండకు కూడా ధర ఉంది. గెలుస్తున్న జట్టుకు తక్కువ జీతానికి కూడా ఆటగాళ్లు వస్తారు. అందులో పన్ను వాటా ఇంత అని విడదీసి చూపించడం ఎవరి వల్లా కాదు.

మీరు రాసినదాంట్లో ఒక పొరపాటు ఉంది. "ఫ్లోరిడా ఆటగాడు రాష్ట్ర పన్ను ఒక్క డాలర్ కూడా కట్టడు" అన్నారు. అది నిజం కాదు. ఆటగాడు ఏ రాష్ట్రంలో ఆడితే ఆ రాష్ట్రం, అక్కడ పనిచేసిన రోజుల లెక్కన, అతని జీతంలో కొంత భాగం మీద పన్ను అడుగుతుంది. ఆటలే కాదు, ప్రాక్టీసు రోజులు, జట్టు మీటింగులు కూడా లెక్కలోకి వస్తాయి. ఇది అందరి నోళ్లలో పడింది 1991లో. ఆ ఏడాది ఎన్‌బీఏ ఫైనల్స్‌లో మైకేల్ జోర్డాన్ ఉన్న షికాగో బుల్స్ లాస్ ఏంజెలెస్ వచ్చి లేకర్స్‌ను ఓడించింది. కాలిఫోర్నియా షికాగో ఆటగాళ్లకు పన్ను బిల్లు పంపింది. దానికి బదులుగా షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం, తమ ఆటగాళ్ల మీద పన్ను వేసే రాష్ట్రాల ఆటగాళ్ల మీద తామూ వేస్తామని చట్టం చేసింది. తర్వాత ఒక్కో రాష్ట్రం అదే దారి పట్టింది. జీతం మీద పన్ను లేని టెన్నెస్సీ కూడా కొంతకాలం హాకీ, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల దగ్గర ఆటకు 2,500 డాలర్ల చొప్పున, ఏడాదికి మూడు ఆటల దాకా వసూలు చేసి, తర్వాత రద్దు చేసుకుంది. కాబట్టి డల్లాస్ ఆటగాడు లాస్ ఏంజెలెస్ వెళ్లి ఆడిన రోజులకు కాలిఫోర్నియాకు కడతాడు. పైన నేను వేసిన 61 లక్షల్లోంచి ఇంకొంత తగ్గించుకోవాలి.

రెండో వైపు టొరంటో ఆటగాడు కూడా 53 శాతం నిండా కట్టాలని లేదు. అమెరికా కెనడా పన్ను ఒప్పందంలో, జట్టుతో సంతకం చేసినందుకు ఇచ్చే బోనస్‌కు వేరే నియమం ఉంది. ఆటగాడు అమెరికా నివాసి అయితే ఆ బోనస్ మీద కెనడా 15 శాతానికి మించి తీసుకోకూడదు. మిగతాది అతను అమెరికాలో 37 శాతం లెక్కన సర్దుకుంటాడు. అతను నివసించే రాష్ట్రంలో పన్ను లేకపోతే టొరంటోకు ఆడుతున్నా అతని పన్ను ఫ్లోరిడా స్థాయికి దగ్గర పడుతుంది. అందుకే టొరంటో పెద్ద ఆటగాళ్లకు జీతంలో ఎక్కువ భాగం బోనస్‌గా ఇస్తూ వచ్చింది. టొరంటో ఆటగాడు జాన్ టవారెస్ విషయంలో కెనడా పన్ను శాఖ అది బోనస్ కాదు, జీతమే అని వాదించి డిమాండ్ వేసింది, ఆయన కోర్టుకు వెళ్లాడు. అలాంటి బోనస్ మీద ఆధారపడే జట్లన్నిటికీ ఆ కేసు ముఖ్యమే.

డబ్బు తర్వాత తీసుకునే పద్ధతి కూడా ఒకటుంది. డాడ్జర్స్‌తో బేస్‌బాల్ ఆటగాడు షోహెయ్ ఓహ్తానీ ఒప్పందం 10 ఏళ్లకు 70 కోట్ల డాలర్లు. అందులో 68 కోట్లు 2034 నుంచి 2043 మధ్య ఇస్తారు. ఆడినంతకాలం ఏడాదికి 20 లక్షలే. 1996 నాటి కేంద్ర చట్టం ప్రకారం, ఇలా పదేళ్లకు తగ్గకుండా సమాన వాయిదాల్లో వచ్చే సొమ్ము మీద, సంపాదించిన రాష్ట్రం పన్ను వేయకూడదు, అప్పుడు ఉంటున్న రాష్ట్రమే వేయాలి. ఆట మానేశాక కాలిఫోర్నియా వదిలి వెళితే అక్కడి 13 శాతం తప్పుతుంది. 2024లో ఆ రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కంట్రోలర్ దీన్ని మార్చాలని అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌ను కోరింది. పన్ను ఎక్కువున్న రాష్ట్రంలోని జట్టు కూడా ఆటగాడి లెక్కను ఇలా తేలిక చేయగలదు.

అయితే పరిమితిని పన్నును బట్టి సవరిస్తే సరిపోదా? టొరంటోకు పది శాతం ఎక్కువ, టాంపాకు తక్కువ అని మీరు సూచించారు. వినడానికి న్యాయంగా ఉంది. రోజూ ఈ లెక్కలు చేసే మనిషిగా, అది కుదరదనే నా అభిప్రాయం. ఒకే జట్టులో ఇద్దరు ఆటగాళ్ల పన్ను ఒకేలా ఉండదు. ఒకడు టొరంటోలో ఇల్లు కొనుక్కుని కెనడా నివాసిగా ఉంటాడు, ఇంకొకడు బోనస్ తీసుకుని వేసవి అంతా ఫ్లోరిడాలో ఉంటాడు, మూడోవాడు స్వీడన్ నుంచి వచ్చి అక్కడి లెక్కలూ చూసుకోవాలి. వీళ్లందరికీ కలిపి ఒక జట్టు రేటు ఎలా కడతాం? పైగా ఏటా ఏదో ఒక రాష్ట్రం బడ్జెట్‌లో రేటు మారుతుంది. అప్పుడు ఒక శాసనసభ పన్ను పెంచితే దాని భారం మిగతా జట్ల మీద పడుతుంది. లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ ఈ వాదనను కొట్టిపారేశాడు. ఫ్లోరిడా జట్లు ఓడిపోతున్నంతకాలం ఎవరూ ఈ మాట ఎత్తలేదన్నది ఆయన జవాబు. ఆయన తేలిగ్గా తీసుకున్నంత చిన్న విషయం ఇది కాదని నాకనిపిస్తుంది. గట్టి పరిమితి పెట్టింది లీగే. అందరికీ ఒకే అంకె ఇచ్చి సమానం చేశామని చెప్పేటప్పుడు, ఆ అంకె విలువ ఊరిని బట్టి మారుతోందని ఒప్పుకోవడం వాళ్ల బాధ్యత. బోనస్ నియమాల్లో కాస్త వెసులుబాటు ఉంచితే చాలు, సగం గొడవ సర్దుకుంటుంది.

యూరప్ సంగతి క్లుప్తంగా. అక్కడ ఫుట్‌బాల్‌లో, ముఖ్యంగా స్పెయిన్, ఇటలీల్లో, చేతికి ఎంత అన్న లెక్కన బేరం ఆడే అలవాటు ఎక్కువ. అప్పుడు పన్ను భారం క్లబ్బుది. స్పెయిన్‌లో సగం ఆదాయపు పన్ను ప్రాంతీయ ప్రభుత్వాల చేతిలో ఉంటుంది. పై రేటు మాడ్రిడ్‌లో దాదాపు 45 శాతం, బార్సిలోనా ఉన్న కాటలోనియాలో 50. ఆటగాడికి చేతికి కోటి యూరోలు ఇవ్వాలంటే రియల్ మాడ్రిడ్‌కు కోటీ 82 లక్షలు, బార్సిలోనాకు రెండు కోట్లు ఖర్చు. ఒక్క దేశంలో, ఒక్క లీగ్‌లో, ఒక్క ఆటగాడి మీద 18 లక్షల తేడా. అయినా లీగ్ టైటిల్ 2022, 2024లో మాడ్రిడ్, 2023, 2025లో బార్సిలోనా పంచుకున్నాయి. అదే స్పెయిన్ 2005లో విదేశాల నుంచి వచ్చేవాళ్లకు 24 శాతం రేటు పెట్టినప్పుడు, దాన్ని ఫుట్‌బాల్ ఆటగాడు బెకమ్ పేరుతో పిలిచేవాళ్లు, విదేశీ ఆటగాళ్లు అక్కడికి బాగా వెళ్లారు. దేశాల మధ్య తేడా పెద్దదైనప్పుడు ఆటగాళ్లు కదులుతారన్నది ఆర్థికవేత్తలు కూడా లెక్కలతో చూపించారు.

మొనాకో కథ మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ ఆదాయపు పన్ను లేదు, కానీ జట్టు ఫ్రెంచి లీగ్‌లో ఆడుతుంది. 2013లో పై డివిజన్‌కు వచ్చి ఫాల్కావ్, జేమ్స్ రోడ్రిగెజ్‌లను కొనేసరికి మిగతా క్లబ్బులు తిరగబడ్డాయి. మొనాకో అయిదు కోట్ల యూరోలు కట్టేలా లీగ్‌తో రాజీ కుదిరింది, 2015లో ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆ రాజీని కొట్టేసింది. ఇంకో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, 1963 ఒప్పందం ప్రకారం మొనాకోలో ఉంటున్న ఫ్రెంచి పౌరులకు ఆ మినహాయింపు లేదు, వాళ్లు ఫ్రాన్స్‌కు పన్ను కట్టాలి. కాబట్టి ఆ లాభం విదేశీ ఆటగాళ్ల విషయంలోనే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కాకినాడ నుంచి యానాం వెళ్లి పెట్రోలు కొట్టించుకునేవాళ్లు మనకు కొత్త కాదు. పుదుచ్చేరి పరిధి కాబట్టి అక్కడ అమ్మకపు పన్ను వేరు, ధర వేరు. గోదావరి పాయ పక్కనే పన్ను సరిహద్దు ఉంది. కానీ యానాంలో ఉండే ఉద్యోగి, కాకినాడలో ఉండే ఉద్యోగి ఒకే జీతం తీసుకుంటే వాళ్ల ఆదాయపు పన్ను పైసాతో సహా ఒకటే. రాజ్యాంగంలో ఆదాయపు పన్ను కేంద్ర జాబితాలోది. రాష్ట్రాలకు వదిలింది వ్యవసాయ ఆదాయం మీద పన్ను ఒక్కటే. జీతం, వృత్తి ఆదాయం మీద రాష్ట్రం వేయగలిగింది వృత్తి పన్ను, అదీ 276వ అధికరణం ప్రకారం ఏడాదికి 2,500 రూపాయలు మించకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, ఢిల్లీలో లేదు. కోట్ల వేలంలో 2,500 రూపాయల తేడాను ఎవరు చూస్తారు?

అందుకే ఆంధ్రా ప్రీమియర్ లీగ్‌లో భీమవరం బుల్స్‌కు ఆడినా, కాకినాడ కింగ్స్‌కు ఆడినా, ఐపీఎల్‌లో సన్‌రైజర్స్‌కు ఆడినా, పంజాబ్‌కు ఆడినా జట్టు ఊరిని బట్టి పన్ను మారదు. 2025 ఐపీఎల్ వేలంలో ప్రతి జట్టుకూ 120 కోట్లు. రిషభ్ పంత్‌కు లక్నో ఇచ్చిన 27 కోట్లు ఏ జట్టు ఇచ్చినా అతని పన్ను అంతే. ఈ ఒక్క విషయంలో మన లీగులు అమెరికా లీగుల కంటే న్యాయంగా ఉన్నాయి.

తేడా ఉన్నది ఆటగాళ్ల మధ్య. విదేశాల్లో నివసించే విదేశీ ఆటగాడికి ఇక్కడి ఆట ఆదాయం మీద 20 శాతం రేటు, దాని మీద సర్‌ఛార్జి, సెస్. ఖర్చులేవీ తీసేయడానికి ఉండదు. భారతీయ ఆటగాడికి మామూలు స్లాబులు. కొత్త విధానంలో 24 లక్షలు దాటినదాని మీద 30 శాతం, రెండు కోట్లు దాటితే సర్‌ఛార్జి, సెస్ కలిపి పై రేటు 39 శాతం. ఇద్దరికీ పది కోట్ల బిడ్ వస్తే మన దగ్గర కట్టే పన్ను ఒకటి కాదు. అయితే ఆస్ట్రేలియా నివాసి అయితే అతను ఇంటికెళ్లాక అక్కడి 45 శాతం లెక్కలో మిగతాది కట్టాలి, ఇక్కడ కట్టింది మినహాయించుకుంటాడు. ఇలా చివరికి చేతికొచ్చేది ఆటగాడి నివాస దేశాన్ని బట్టి ఉంటుంది, ఫ్రాంచైజీ ఊరిని బట్టి కాదు. జట్ల మధ్య న్యాయానికి ఇది అడ్డు రాదు.

టికెట్ల మీద తేడా కొంచెం ఉంటుంది. 2017కు ముందు వినోద పన్ను రాష్ట్రానికో రకం. జీఎస్టీ వచ్చాక ఐపీఎల్ టికెట్ మీద దేశమంతా ఒకే రేటు, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. స్థానిక సంస్థలు మాత్రం వినోద పన్ను వేసుకునే వీలు ఇంకా ఉంది. కానీ ఐపీఎల్ జట్లకు పెద్ద ఆదాయం ప్రసార హక్కుల ఉమ్మడి సొమ్ము నుంచి వస్తుంది కాబట్టి, గేటు దగ్గరి తేడా జట్టు బలాన్ని మార్చేంత కాదు.

ఇక మీ తమ్ముడి సంగతి. ప్రో కబడ్డీలో 2023 సీజన్ నుంచి ఒక్కో జట్టు వేలం సొమ్ము 5 కోట్లు. ఆ ఏడాది తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ ఒక్కడికే 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. కొత్త కుర్రాళ్లకు వచ్చేది లక్షల్లోనే. మీ వాడు పట్నాకు ఆడినా, టైటాన్స్‌కు ఆడినా పన్ను మారదు కాబట్టి ఎక్కువ ఆడించే జట్టును, మంచి కోచ్‌ను చూసుకోమనండి. కెరీర్‌లో మొదటి రెండేళ్లు బెంచి మీద కూర్చుంటే పోయేది ఏ పన్ను మిగులూ తెచ్చివ్వదు.

అతను తెలుసుకోవాల్సిన అసలు విషయాలు వేరే ఉన్నాయి. టీడీఎస్ కోశారంటే పన్ను అయిపోయినట్టు కాదు. కోనసీమ నుంచి ఒక లీగ్‌కు వెళ్లిన కుర్రాడు నా దగ్గరికి నోటీసు పట్టుకుని వచ్చాడు. ఫ్రాంచైజీ పది శాతం కోసింది, అంతటితో సరి అనుకుని రిటర్నే వేయలేదు. అతని మొత్తం పెద్దది, కట్టాల్సింది ఇంకా ఉంది, వడ్డీ కూడా పడింది. ఇంకో కుర్రాడిది దీనికి తలకిందులు. అతని మొత్తం ఆదాయం పన్ను పడేంత లేదు, కోసిన టీడీఎస్ అంతా వెనక్కి రావాల్సిందే, రిటర్న్ వేయక వదిలేసుకోబోయాడు. ఇప్పుడు కొత్త విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల దాకా ఉంటే రిబేటు వల్ల పన్ను సున్నా. మీ తమ్ముడికి ఎనిమిది, తొమ్మిది లక్షలు వస్తే కోసినదంతా తిరిగొస్తుంది, రిటర్న్ వేస్తేనే.

మీరు రాసినదాంట్లో నాన్నగారి రొయ్యల చెరువు అతని పేరు మీదకు మార్చామన్నారు. అక్కడ జాగ్రత్త. చెరువు ఆదాయం వ్యవసాయ ఆదాయం కింద రాదు, వ్యాపార ఆదాయం. అది కబడ్డీ సొమ్ముతో కలిసి 12 లక్షలు దాటితే రిబేటు పోతుంది. కొబ్బరి తోట, వరి చేను అయితే పన్ను లేదు గానీ, ఆ ఆదాయం అయిదు వేలు దాటితే మిగతా ఆదాయానికి రేటు కట్టేటప్పుడు దాన్ని కలిపి చూస్తారు. జిమ్ము, ఫిజియో, ఆట కోసం ప్రయాణాల బిల్లులు దాచమనండి, ఒప్పందం వృత్తి ఆదాయం కింద ఉంటే అవి ఖర్చుగా తీసేయొచ్చు. టీడీఎస్ పోను పది వేలకు మించి పన్ను మిగిలేలా ఉంటే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15లలోపు అడ్వాన్స్ టాక్స్ కట్టాలి. లీగ్ సొమ్ము సీజన్ మధ్యలో వస్తుంది కాబట్టి డిసెంబరు వాయిదాకు ముందే ఒకసారి లెక్క చూపించుకోమనండి. ఫ్రాంచైజీ ఒప్పంద కాగితం, పన్ను శాఖ దగ్గర నమోదైన టీడీఎస్ పట్టిక (ఫారం 26ఏఎస్) రెండూ పక్కపక్కన పెట్టి అంకెలు కలుస్తున్నాయో లేదో చూడడం అతనే నేర్చుకోవాలి. ఆ రెండూ కలవకపోతే ముందు ఫ్రాంచైజీ అకౌంట్స్ వాళ్లకు రాతపూర్వకంగా రాయమనండి, రిటర్న్ గడువు దగ్గర పడేదాకా ఆగొద్దు.